ఒకే జన్యువు, రెండు జీవులు: కుక్కల నడకను ఆపేసే వెన్నుపాము క్షీణత

ఎనిమిదేళ్లు దాటిన పెంపుడు కుక్క నడుస్తున్నప్పుడు వెనుక కాలి గోళ్లు నేలకు రాసుకుంటున్న చప్పుడు వినిపించడం మొదలవుతుంది. కొన్ని వారాలకు ఆ కాలి మధ్య గోళ్లు మిగతా వాటికంటే ఎక్కువగా అరిగి కనిపిస్తాయి. మలుపు తిరిగేటప్పుడు నడుము ఒక పక్కకు తూలుతుంది. అయితే కుక్క మూలగదు, తిండి మానదు, ఇంటివాళ్లను చూస్తే తోక ఊపుతూనే ఉంటుంది. దాంతో 'వయసు మీద పడింది, కాళ్లలో సత్తువ తగ్గింది' అని అందరూ సరిపెట్టుకుంటారు.

చాలా సందర్భాల్లో అది నిజమే కావచ్చు. కొన్ని కుక్కల్లో మాత్రం అది వెన్నుపాము నెమ్మదిగా పాడైపోతోందనడానికి తొలి సంకేతం. పశువైద్యులు దీన్ని 'డీజనరేటివ్ మైలోపతీ' అంటారు, క్లుప్తంగా డీఎం. తెలుగులో చెప్పాలంటే వెన్నుపాము క్షీణత. దీనికి నేటికీ ఆమోదం పొందిన మందు లేదు. కానీ దీనికి కారణమైన జన్యువు ఏమిటో తెలుసు. అదే జన్యువులో వచ్చే మార్పులు మనుషుల్లో ఏఎల్ఎస్ అనే ప్రాణాంతకమైన నాడీ వ్యాధికి కారణమవుతాయనీ తెలుసు. అందుకే ఒక పెంపుడు జంతువు నడక గురించి మొదలైన పరిశోధన మనుషుల వైద్యం దాకా వచ్చింది.

క్షీణత వ్యాధి అంటే

సూక్ష్మజీవులు దాడి చేస్తే వచ్చే జబ్బులు వేరు, దెబ్బ తగిలితే వచ్చేవి వేరు. ఒక అవయవంలోని కణాలు కాలక్రమంలో పనిచేయడం మానేసి, ఒకదాని తర్వాత ఒకటి నశించిపోతే దాన్ని క్షీణత వ్యాధి అంటారు. కీళ్లలో మృదులాస్థి అరిగిపోవడం, కంటి రెటీనా కణాలు చనిపోయి చూపు పోవడం, మెదడు కణాలు దెబ్బతిని మతిమరుపు రావడం ఈ కోవలోవే. ఇవన్నీ మనుషులతోపాటు కుక్కల్లోనూ ఉన్నాయి. ముసలి కుక్కల మెదడులో పేరుకునే అమైలాయిడ్ బీటా అనే ప్రొటీన్ ముక్కలో అమైనో ఆమ్లాల వరుస మనిషిలో ఉన్నట్టే ఉంటుంది.

అడవిలో బతికే జంతువుల్లో ఈ జబ్బులు ముదిరే దాకా బతికేవి తక్కువ. కాలు తడబడిన జంతువుకు వేట దొరకదు, లేదా అదే వేటకు చిక్కుతుంది. మనిషి ఇంట్లో పెరిగే కుక్కకు ఆ భయం లేదు. టీకాలు, వేళకు తిండి, వైద్యం దొరుకుతున్నాయి కాబట్టి అది ముసలితనం చూస్తోంది. ముసలితనంతోపాటు వచ్చే జబ్బులనూ చూస్తోంది.

తన కాలు ఎక్కడుందో తనకే తెలియక

డీఎం సాధారణంగా ఎనిమిదేళ్ల వయసు దాటాక బయటపడుతుంది. జర్మన్ షెపర్డ్ వంటి పెద్ద కుక్కల్లో దాదాపు తొమ్మిదేళ్లకు, పెంబ్రోక్ వెల్ష్ కోర్గీ వంటి పొట్టి కుక్కల్లో దాదాపు పదకొండేళ్లకు లక్షణాలు కనిపిస్తాయి. వ్యాధి ముందుగా వెన్నుపాములో ఛాతీ వెనుక ఉండే భాగాన్ని పట్టుకుంటుంది. అక్కడి నాడీ తంతువులు, వాటి చుట్టూ తొడుగులా ఉండే మైలిన్ పొర దెబ్బతింటాయి.

ఈ తంతువుల్లో కొన్ని మెదడు నుంచి కాళ్లకు ఆజ్ఞలు మోస్తాయి. మరికొన్ని కాళ్ల నుంచి మెదడుకు సమాచారం తీసుకెళ్తాయి. మనం కళ్లు మూసుకున్నా మన చేయి ఎక్కడుందో చెప్పగలం కదా, అదీ ఈ సమాచారం వల్లే. అది తెగిపోతే కుక్కకు తన వెనుక పాదం ఎక్కడ పడుతోందో తెలియదు. పాదం మడతపడి, పైభాగం నేలకు ఆనినా సరిచేసుకోదు. గోళ్లు రాసుకోవడానికి కారణం ఇదే.

తొలి లక్షణాలు కనిపించిన ఆరు నెలల నుంచి ఏడాదిలోపు చాలా కుక్కలు వెనుక కాళ్లపై నిలబడే శక్తిని కోల్పోతాయి. ఆ తర్వాత మలమూత్రాలపై పట్టు తప్పుతుంది. ఇంకా బతికించుకుంటే ముందు కాళ్లకూ పాకుతుంది. చివరి దశలో మింగడం, ఊపిరి తీసుకోవడం కూడా కష్టమవుతాయి. ఇంత జరిగినా నొప్పి ఉండదు. యజమానిని గుర్తుపట్టడంలో తేడా రాదు. చాలామంది యజమానులు అంత దూరం రాకముందే కారుణ్య మరణాన్ని ఎంచుకుంటారు.

అన్నీ డీఎం కావు

వెనుక కాళ్లు తడబడే ప్రతి కుక్కకూ డీఎం ఉన్నట్టు కాదు. ఈ తేడా గుర్తించడం చాలా ముఖ్యం. ఎందుకంటే ఇలాగే కనిపించే కొన్ని జబ్బులకు మంచి చికిత్స ఉంది.

తుంటి కీలు అరిగిన కుక్కకు నొప్పి ఉంటుంది. పొద్దున్నే లేవడానికి ఇబ్బంది పడుతుంది, కాసేపు నడిస్తే సర్దుకుంటుంది. పాదం మాత్రం సరిగానే మోపుతుంది. వెన్నెముకలో డిస్కు జారితే లక్షణాలు ఒక్కసారిగా రావచ్చు, తాకితే నొప్పితో అరవవచ్చు. తగిన సమయంలో శస్త్రచికిత్స చేస్తే ఆ కుక్క మళ్లీ నడిచే అవకాశం ఉంది. వెన్నుపాముపై ఒత్తిడి తెచ్చే కణితులు, టీకా వేయించని కుక్కల్లో వచ్చే డిస్టెంపర్ కూడా వెనుక కాళ్లను బలహీనపరుస్తాయి. ఒకే ముసలి కుక్కలో కీళ్ల అరుగుదల, డీఎం రెండూ ఉండటమూ మామూలే. అప్పుడు ఒకటి మరొకదాన్ని కప్పేస్తుంది.

మన దేశంలో మరో జాగ్రత్త కూడా అవసరం. రేబిస్‌లో పిచ్చిగా కరిచే రూపమే కాక, పక్షవాతంలా వచ్చే రూపం ఉంది. డీఎం నెలల తరబడి ముదురుతుంది. రేబిస్ పక్షవాతం రోజుల్లోనే కమ్ముకుంటుంది. దవడ వేలాడుతుంది, చొంగ కారుతుంది, మింగలేకపోతుంది. గొంతులో ఎముక ఇరుక్కుందేమో అనుకుని అలాంటి కుక్క నోట్లో చేయి పెట్టడం ప్రాణాల మీదకు తెస్తుంది. టీకా రక్షణ లేని కుక్కకు ఉన్నట్టుండి కాళ్లు పడిపోతే దానికి దూరంగా ఉండి, పశువైద్యుడికి కబురు చేయాలి.

డీఎంను బతికున్న కుక్కలో నూటికి నూరు శాతం ఖాయం చేసే పరీక్ష లేదు. ఎంఆర్‌ఐ స్కాన్‌తో డిస్కు, కణితి లేవని తేల్చుకుంటారు. మెదడు, వెన్నుపాముల చుట్టూ ఉండే ద్రవాన్ని పరీక్షించి వాపు లేదని చూస్తారు. జన్యు పరీక్ష చేస్తారు. ఇవన్నీ కలిపి 'డీఎం కావచ్చు' అని చెప్పగలరు. ఆఖరి మాట మాత్రం చనిపోయాక వెన్నుపామును సూక్ష్మదర్శిని కింద చూశాకే.

36 ఏళ్లు పట్టిన జవాబు

ఈ వ్యాధిని 1973లో ఆవెరిల్ అనే అమెరికన్ పశువైద్య శాస్త్రవేత్త వివరించారు. ఆయన చూసినవి వయసు మళ్లిన జర్మన్ షెపర్డ్ కుక్కలు. దాంతో ఇది ఆ జాతికే పరిమితమైన జబ్బు అనే అభిప్రాయం చాలాకాలం ఉండిపోయింది. రోగనిరోధక శక్తి తన శరీరంపైనే తిరగబడటం వల్ల వస్తుందని కొందరు, విటమిన్ల లోపమని మరికొందరు అనుకున్నారు.

చిక్కుముడి విప్పడంలో కోర్గీలు తోడ్పడ్డాయి. దానికి వాటి బరువు కూడా ఒక కారణం. కాళ్లు పడిపోయిన 35 కిలోల జర్మన్ షెపర్డ్‌ను రోజూ ఎత్తి దించడం ఇంటివాళ్లకు సాధ్యం కాదు. అందుకే వ్యాధి తొలి దశల్లోనే దాని జీవితం ముగిసేది. కోర్గీ చిన్న కుక్క. చంకన ఎత్తుకుని తిరగవచ్చు. కాబట్టి యజమానులు వాటిని ఎక్కువ కాలం సాకారు. అప్పుడు వైద్యులకు వ్యాధి చివరి దశలు కనిపించాయి. కండరాలు కరిగిపోవడం, ముందు కాళ్లు కూడా చచ్చుబడటం, ఊపిరి బరువవడం, ఇవన్నీ మనుషుల ఏఎల్ఎస్‌ను గుర్తుచేశాయి.

అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయం, బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు వ్యాధి ఉన్న కోర్గీల జన్యువులను ఆరోగ్యంగా ఉన్న వాటితో పోల్చారు. తేడా కుక్కల 31వ క్రోమోజోమ్‌పై ఒకచోట తేలింది. అక్కడ ఉన్నది ఎస్ఓడీ1 అనే జన్యువు. 2009లో ఈ ఫలితం వెలువడింది. కోర్గీతోపాటు జర్మన్ షెపర్డ్, బాక్సర్, రోడేసియన్ రిడ్జ్‌బ్యాక్, చెసపీక్ బే రిట్రీవర్ జాతుల్లోనూ అదే మార్పు కనిపించింది. తర్వాత 33 వేలకు పైగా కుక్కలను పరీక్షించినప్పుడు 120కి పైగా జాతుల్లో ఈ మార్పు ఉన్నట్టు తేలింది. ఇది ఒక్క జాతి జబ్బు కాదని అలా రుజువైంది.

కాపలాదారే ముప్పుగా మారితే

ఎస్ఓడీ1 జన్యువు తయారుచేయించే ప్రొటీన్ పేరు సూపర్ఆక్సైడ్ డిస్మ్యుటేస్. దీని పనిని 1969లో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన జో మెక్‌కార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ కనుగొన్నారు. కణాలు ఆక్సిజన్‌ను వాడుకునేటప్పుడు సూపర్ఆక్సైడ్ అనే హానికరమైన రేణువులు పుడుతుంటాయి. ఈ ఎంజైమ్ వాటిని ఆక్సిజన్‌గా, హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మార్చేస్తుంది. ఆ పెరాక్సైడ్‌ను వేరే ఎంజైములు నీరుగా మారుస్తాయి. అంటే ఇది కణానికి కాపలాదారు.

డీఎం ఉన్న కుక్కల్లో ఈ ప్రొటీన్ గొలుసులో 40వ స్థానంలో ఉండాల్సిన గ్లుటామిక్ ఆమ్లం బదులు లైసీన్ వచ్చి చేరుతుంది. మొదటిదానికి రుణావేశం, రెండోదానికి ధనావేశం. విద్యుదావేశం తారుమారైతే ప్రొటీన్ మడతల్లో తేడా వస్తుంది. అలా తప్పుగా మడతపడిన అణువులు ఒకదానికొకటి అంటుకుని నాడీకణాల్లో ముద్దలు కడతాయి. అసలు సమస్య కాపలాదారు పని మానేయడం కాదనీ, ఇలా పాడైన ప్రొటీన్ కణానికి విషంగా మారడమేననీ శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. చికిత్స ఎలా ఉండాలన్నది ఈ తేడాపైనే ఆధారపడుతుంది. ప్రొటీన్ లోపిస్తే బయటి నుంచి ఇవ్వాలి. ప్రొటీనే విషమైతే దాని తయారీని తగ్గించాలి.

మనుషుల వైపు

ఏఎల్ఎస్‌లో కండరాలను కదిలించే నాడీకణాలు నశిస్తాయి. భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ దశాబ్దాల పాటు దీనితోనే జీవించారు. కానీ ఎక్కువమంది రోగులకు అంత ఆయుష్షు దొరకదు. ఏఎల్ఎస్‌కు, ఎస్ఓడీ1 జన్యువుకు ఉన్న సంబంధం 1993లోనే బయటపడింది. మొత్తం ఏఎల్ఎస్ రోగుల్లో దాదాపు 2 శాతం మందిలో ఈ జన్యువు మారి ఉంటుంది.

రెండు వ్యాధులూ అచ్చుగుద్దినట్టు ఒకటి కావు. మనుషుల్లో కదలిక నాడులే ప్రధానంగా దెబ్బతింటాయి, కుక్కల్లో స్పర్శ సమాచారం మోసే నాడులూ మొదటి నుంచే పాడవుతాయి. మనుషుల్లో చాలావరకు ఒక తల్లి లేదా తండ్రి నుంచి వచ్చిన ఒక్క ప్రతి మారినా వ్యాధి రావచ్చు. కుక్కల్లో సాధారణంగా రెండు ప్రతులూ మారి ఉండాలి.

అయినా పరిశోధకులకు కుక్కలు విలువైనవి. ప్రయోగశాల ఎలుకల్లో ఏఎల్ఎస్ రప్పించాలంటే మారిన మనిషి జన్యువును అనేక ప్రతులుగా చొప్పించాలి. అంటే వ్యాధిని బలవంతంగా తెప్పించాలి. కుక్కకు అది సహజంగా, ముసలితనంలో, మనుషులు ఉండే ఇంట్లోనే వస్తుంది. దాని వెన్నుపాము పరిమాణం కూడా ఎలుక కంటే మనిషికి దగ్గర.

మనుషుల కోసం ఒక మందు వచ్చింది. దాని పేరు టోఫర్సెన్. ఎస్ఓడీ1 ప్రొటీన్ తయారీకి సూచనలు మోసే ఆర్ఎన్ఏకు ఇది అతుక్కుని, దాన్ని ముక్కలయ్యేలా చేస్తుంది. సూచన అందకపోతే ప్రొటీన్ తయారీ తగ్గుతుంది. 108 మందిపై 28 వారాలు జరిపిన ప్రయోగంలో రోగుల కదలికల్లో చెప్పుకోదగ్గ తేడా రుజువు కాలేదు. కానీ నాడులు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి వచ్చే న్యూరోఫిలమెంట్ అనే ప్రొటీన్ బాగా తగ్గింది. దాని ఆధారంగా అమెరికా ఎఫ్‌డీఏ 2023 ఏప్రిల్‌లో సత్వర ఆమోదం ఇచ్చింది. డీఎం ఉన్న కుక్కల్లోనూ న్యూరోఫిలమెంట్ పెరుగుతుందని ముందే తెలుసు. టోఫర్సెన్ మనిషి ఆర్ఎన్ఏకు సరిపోయేలా తయారైన మందు కాబట్టి కుక్కకు నేరుగా వాడేది కాదు. దారి మాత్రం ఒకటే.

కుక్కలు, గొర్రెలు చూపిన దారి

జంతువుల క్షీణత వ్యాధి మనుషుల మందుగా మారిన ఉదాహరణలు ఇదివరకే ఉన్నాయి. బ్రియార్డ్ జాతి కుక్కల్లో ఆర్‌పీఈ65 అనే జన్యువు లోపం వల్ల పుట్టుకతోనే చూపు ఉండదు. 2001లో శాస్త్రవేత్తలు అలాంటి కుక్కల కళ్లలోకి మంచి జన్యువును పంపి చూపు తెప్పించారు. లాన్స్‌లాట్ అనే కుక్క వాటిలో ఒకటి. అదే పద్ధతి మనుషులకూ పనిచేసింది. 2017 డిసెంబరులో లక్స్‌టర్నా పేరుతో ఆమోదం పొందింది.

పిల్లల మెదడును క్షీణింపజేసే బ్యాటెన్ వ్యాధిలో ఒక రకం డాక్స్‌హుండ్ కుక్కల్లో సహజంగా ఉంది. వాటిలో లోపించిన టీపీపీ1 ఎంజైమ్‌ను అందిస్తే లక్షణాలు ఆలస్యమై, ఆయుష్షు పెరిగింది. అలాంటి ఎంజైమ్ మందుకే 2017 ఏప్రిల్‌లో ఎఫ్‌డీఏ పిల్లల కోసం ఆమోదం తెలిపింది. ఇదే వ్యాధిలోని ఇతర రకాలను న్యూజీలాండ్‌లోని లింకన్ విశ్వవిద్యాలయం గొర్రెల్లో ఏళ్ల తరబడి అధ్యయనం చేసింది.

పరీక్ష ఏం చెబుతుంది

ఎస్ఓడీ1 మార్పును తెలుసుకోవడానికి కుక్క బుగ్గ లోపలి నుంచి దూదితో తీసిన నమూనా గానీ, కొద్దిపాటి రక్తం గానీ చాలు. ఫలితం మూడు రకాలు. రెండు ప్రతులూ మామూలుగా ఉంటే ముప్పు లేనట్టే. ఒకటి మారి ఉంటే ఆ కుక్క వాహకం. దానికి వ్యాధి రావడం బహు అరుదు, కానీ పిల్లలకు అందించగలదు. రెండూ మారి ఉంటే ముప్పు ఉంది.

ముప్పు ఉందంటే జబ్బు వచ్చి తీరుతుందని కాదు. రెండు ప్రతులూ మారిన కుక్కల్లో అనేకం ఏ ఇబ్బందీ లేకుండానే జీవితం ముగిస్తాయి. ఇతర జన్యువుల ప్రభావం దీనికి ఒక కారణం. కోర్గీల్లో ఎస్‌పీ110 అనే మరో జన్యువు రకాన్ని బట్టి వ్యాధి తొందరగా వచ్చే అవకాశం మారుతుందని 2016లో గుర్తించారు. కాబట్టి పరీక్ష ఫలితం చూసి ఆరోగ్యంగా ఉన్న కుక్కను వదిలించుకోవడం అన్యాయం. కాళ్లు తడబడుతున్న కుక్కకు ఇతర పరీక్షలు చేయకుండా, జన్యు పరీక్ష ఒక్కదాన్ని చూసి డిస్కు చికిత్స ఆపేయడమూ అంతే పొరపాటు.

ఈ పరీక్ష అసలు ప్రయోజనం సంతానోత్పత్తి దగ్గర ఉంది. డీఎం బయటపడేది ఎనిమిదేళ్లు దాటాక. మన దేశంలో 2017 నాటి కుక్కల పెంపకం నిబంధనలు 18 నెలలు నిండిన ఆడకుక్కకు సంతానోత్పత్తిని అనుమతిస్తాయి. అంటే తల్లిలోనో తండ్రిలోనో లక్షణం కనిపించే సరికి వాటి పిల్లలకూ పిల్లలు పుట్టి ఉంటారు. కంటితో చూసి ఎంపిక చేయడం ఈ వ్యాధి విషయంలో పనికిరాదు.

లెక్క సులభమే. రెండు వాహకాలను కలిపితే ప్రతి పిల్లకూ రెండు మారిన ప్రతులు వచ్చే అవకాశం 25 శాతం. వాహకాన్ని మామూలు కుక్కతో కలిపితే అలాంటి పిల్ల పుట్టదు. సగం పిల్లలు మామూలుగా, సగం వాహకాలుగా పుట్టవచ్చు. అలాంటప్పుడు వాహకాలన్నింటినీ ఒక్కసారిగా పక్కన పెట్టేస్తే పోలేదా అనిపిస్తుంది. ఈ మార్పు ఎక్కువగా ఉన్న జాతుల్లో అలా చేస్తే సంతానానికి మిగిలే కుక్కలు కొన్నే అవుతాయి. దగ్గరి బంధుత్వంలో కలపాల్సి వస్తుంది. అప్పుడు ఇప్పటిదాకా దాగి ఉన్న మరో లోపం బయటికి వస్తుంది. అందుకే వాహకాలను మామూలు కుక్కలతోనే కలుపుతూ, తరం తర్వాత తరం మారిన ప్రతులను తగ్గించుకుంటూ రావాలన్నది జన్యు శాస్త్రవేత్తల సలహా.

ఉన్నంతలో చేయగలిగింది

స్టెరాయిడ్లు, విటమిన్ ఇ, అమైనో కాప్రోయిక్ ఆమ్లం వంటివి డీఎంకు వాడి చూశారు. ఉపయోగం రుజువు కాలేదు. కాస్త ఆశ కలిగించింది వ్యాయామం. 2006లో వెలువడిన ఒక అధ్యయనంలో డీఎం ఉన్నట్టు అనుమానించిన 22 కుక్కలను గమనించారు. రోజూ శ్రద్ధగా ఫిజియోథెరపీ చేసినవి సగటున 255 రోజులు, ఓ మోస్తరుగా చేసినవి 130 రోజులు, అసలు చేయనివి 55 రోజులు బతికాయి. కుక్కల సంఖ్య చాలా తక్కువ. ఎక్కువ వ్యాయామం చేయగలిగినవి మొదటి నుంచే కాస్త మెరుగ్గా ఉండి ఉండవచ్చు. అయినా నెమ్మదిగా నడిపించడం, కాళ్లను మెల్లగా వంచి చాపడం, నీటిలో నడిపించడం వల్ల కండరాలు తొందరగా కరిగిపోకుండా ఉంటాయని పశువైద్యులు చెబుతారు.

ఇంట్లో చేయదగ్గవి కొన్ని ఉన్నాయి. నున్నటి టైల్స్ మీద జారకుండా చాపలు, గోనెపట్టాలు పరవాలి. బరువు పెరగనివ్వకూడదు. రాసుకుపోయే పాదాలకు మెత్తటి తొడుగులు వేయాలి. మెట్ల దగ్గర పొట్ట కింద తువ్వాలు వేసి నడుమును ఆనించి పట్టుకోవచ్చు. కదలలేని కుక్కను కొన్ని గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే పుండ్లు పడతాయి. చక్రాల బండి కట్టితే చాలా కుక్కలు మళ్లీ ఉత్సాహంగా తిరుగుతాయి. మనుషులు వాడే నొప్పి మాత్రలు మాత్రం సొంతంగా ఇవ్వకూడదు. ఐబుప్రొఫెన్ కుక్కలకు, పారాసిటమాల్ పిల్లులకు ప్రాణాంతకం కావచ్చు.

మందు వచ్చేదాకా ఈ వ్యాధిని తగ్గించే దారి కుక్కపిల్లను అమ్మేవారి చేతిలో, కొనేవారి చేతిలో ఉంది. కోర్గీ, జర్మన్ షెపర్డ్, బాక్సర్ పిల్లను ఇంటికి తెచ్చుకునేవారు రంగు, చెవులు, వంశపత్రం చూస్తారు. దాని తల్లిదండ్రులకు ఎస్ఓడీ1 పరీక్ష చేయించారా అని కూడా అడగాలి. కొనేవాళ్లు అడగడం మొదలుపెడితే, అమ్మేవాళ్లు పరీక్ష చేయించడం మొదలుపెడతారు.